అమ్మ ప్రవర్తన మారిపోయింది, బిహేవియరల్ న్యూరాలజిస్ట్‌కి చూపించమంటున్నారు. అసలు ఆయన ఏ డాక్టరు?

గోదారి_గట్టు · శనివారం, రాత్రి 11:40
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. అమ్మ గురించి. వయసు 63, తెలుగు టీచరుగా రిటైరైంది, రాజమండ్రిలో అమ్మానాన్నా ఇద్దరే ఉంటారు, నేను బెంగళూరు. ఏడాదిన్నరగా మనిషి వేరేగా ఉంది. మొదట్లో పులుసులో రెండుసార్లు ఉప్పు వేయడం, గ్యాస్ కట్టడం మర్చిపోవడం లాంటివి, మేం కూడా నవ్వేసి ఊరుకున్నాం. తర్వాత పదిహేనేళ్ళుగా చేస్తున్న పనిమనిషి గొలుసు తీసిందని పెద్ద గొడవ. గొలుసు బియ్యం డబ్బాలో దొరికింది. దొరికాక కూడా "నేను అడిగానని అదే తెచ్చి అందులో పడేసింది" అంటుంది. ఇక మూడు నెలల నుంచి దీపాలు పెట్టే వేళకి ఒకటే కంగారు, రాత్రిళ్ళు హాల్లో ఎవరో చిన్నపిల్లాడు కూర్చున్నాడని, వాడికి అన్నం పెట్టమని నాన్నని లేపుతోంది.

అక్కడే ఒక సైకియాట్రిస్ట్‌కి చూపించాం. ఆయనిచ్చిన మాత్రతో రెండు వారాల్లో మనిషి కొయ్యబారిపోయింది, అడుగు తీసి అడుగు వేయలేదు. దాన్ని తగ్గించి, బిగుసుకుపోకుండా ఇంకోటి రాశారు. డల్లాస్‌లో ఉన్న మా కజిన్ బిహేవియరల్ న్యూరాలజిస్ట్‌కి చూపించమంటోంది. ఆయన న్యూరాలజిస్టా, సైకియాట్రిస్టా? మన దగ్గర ఉంటారా? నాకైతే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మొండిఘటం · ఆదివారం, ఉదయం 6:15
తమ్ముడూ, అరవై దాటాక చాదస్తం రాకుండా ఉంటుందా? మా నాయనమ్మ కూడా కోడళ్ళందరి మీదా దొంగతనం మోపేది. దానికి ఏ లాజిస్టూ అక్కర్లేదు. రిటైరై ఖాళీగా ఉంటే అలాగే ఉంటుంది, గుడికీ సత్సంగానికీ పంపించండి.

ఎరువులకొట్టు · ఆదివారం, ఉదయం 9:02
@మొండిఘటం అన్నా, సరిగ్గా ఈ మాట విని మేం మూడేళ్ళు పోగొట్టుకున్నాం.

మాది ఒంగోలు దగ్గర, నాన్నకి ఎరువులు, పురుగుమందుల కొట్టు. 56 ఏళ్ళప్పుడు మొదలైంది. జ్ఞాపకశక్తికి ఏ ఢోకా లేదు, ఏ రైతు ఎంత బాకీ ఉన్నాడో పైసలతో సహా చెప్పేవాడు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మారింది మనిషి. సొంత తమ్ముడు పోతే శవం పక్కనే కూర్చుని "టిఫిన్ ఏం పెడతారు" అని అడిగాడు. తీపి ముట్టని మనిషి రోజుకి అరకిలో జిలేబీ తినడం మొదలుపెట్టాడు. మా ఆవిడ లావు గురించి కొట్టుకొచ్చిన వాళ్ళ ముందే అనేవాడు. ఎవడో వచ్చి పొలం ఇప్పిస్తానంటే రెండు చెక్కులు సంతకం పెట్టి ఇచ్చేశాడు. అమ్మ ఏడుస్తుంటే టీవీ సౌండ్ పెంచేవాడు.

ఊళ్ళో వాళ్ళు డబ్బు మదం అన్నారు. ఏలినాటి శని అని తైలాభిషేకాలు చేయించాం. అమ్మైతే ఎక్కడో ఇంకో ఇల్లు పెట్టాడేమోనని కుమిలిపోయింది, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక ఆసుపత్రిలో బైపోలార్ అన్నారు, ఏడాది వాడాం, చేతులు వణకడం తప్ప లాభం లేదు. ఇంకో చోట ఎమ్మారై తీసి "వయసుకి తగ్గట్టు ఉంది" అని మతిమరుపు మాత్ర ఇచ్చారు, దాంతో ఇంకా చిరచిరలాడేవాడు.

చివరికి హైదరాబాద్‌లో కాగ్నిటివ్ న్యూరాలజీ చూసే డాక్టరమ్మ దగ్గరికి ఎవరో పంపించారు. ఆవిడ మొదట నాన్నని కాదు, అమ్మని లోపలికి పిలిచింది. ముప్పావుగంట. "మీరు ఏడిస్తే ఇదివరకు ఏం చేసేవారు, ఇప్పుడేం చేస్తున్నారు" అని అడిగిందట. ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ అమ్మని ఆ ప్రశ్న అడగలేదు.

తర్వాత నాన్నతో కూర్చుంది. నేను రెండుసార్లు బల్ల కొడితే మీరు ఒకసారి కొట్టాలి, నేను ఒకసారి కొడితే మీరు కొట్టకూడదు, ఇలాంటి ఆట. నాన్న ప్రతిసారీ కొట్టాడు, రూల్ ఏంటో మాత్రం నోటితో కరెక్టుగా చెప్పాడు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల" అంటే ఏంటండీ అని అడిగింది. "బురదైతే కడుక్కోవాలిగా, కొట్టు బయటే పంపు ఉంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆవిడ మొహం చూసి ఆపుకున్నాను. సామెతలతోనే సగం మాట్లాడే మనిషి ఆయన.

పాత ఎమ్మారైనే లైటు మీద పెట్టి చూపించింది. నుదురు వెనక భాగం, చెవుల దగ్గర ముందు భాగం కుంచించుకుపోయి ఉన్నాయి. అదే ఫిల్ము! ముందు చూసినాయన ముసలితనం అన్నది కూడా అదే. పెట్ స్కాన్‌లోనూ అక్కడే వెలుగు తగ్గింది. జబ్బు పేరు ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, అందులో ప్రవర్తన మీద కొట్టే రకం. (డిమెన్షియా అంటే మెదడు మెల్లగా పాడై మతి, ఆలోచన, స్వభావం దెబ్బతినడం.) హాలీవుడ్ యాక్టర్ బ్రూస్ విల్లిస్‌కి ఉందని 2023లో వాళ్ళ కుటుంబం చెప్పింది చూడండి, ఆ జబ్బు గొడుగు కిందిదే.

@గోదారి_గట్టు మీ అమ్మగారిది కూడా ఇదే అయుండొచ్చు, త్వరగా చూపించండి.

న్యూరో_రెసిడెంట్ · ఆదివారం, మధ్యాహ్నం 2:30
డీఎం న్యూరాలజీ చదువుతున్నాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించాలి.

బిహేవియరల్ న్యూరాలజిస్ట్ అంటే ముందు న్యూరాలజిస్టే. పక్షవాతం, ఫిట్స్ అన్నీ చదివి, ఆ తర్వాత జ్ఞాపకం, మాట, దారి గుర్తుపట్టడం, స్వభావం, ఇవి మెదడులో ఎక్కడెక్కడ తెగుతాయో దాని మీదే పని చేసే మనిషి. బోస్టన్‌లో నార్మన్ గెష్విండ్ 1965లో రాసిన పెద్ద వ్యాసంతో ఈ శాఖకి మళ్ళీ ఊపొచ్చింది. ఒక భాగం చెడిపోవడమే కాదు, రెండు భాగాల మధ్య తీగలు తెగినా మనిషి వింతగా ప్రవర్తిస్తాడని ఆయన వాదన. అమెరికాలో దీనికి విడిగా సర్టిఫికేషన్ ఉంది. మన దగ్గర బోర్డు మీద ఆ పేరు వెతికితే దొరక్కపోవచ్చు, "మెమరీ క్లినిక్", "కాగ్నిటివ్ డిజార్డర్స్ క్లినిక్" అని అడగండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉంది, తిరువనంతపురం శ్రీచిత్రలో ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో ఈ పని చాలాకాలం నుంచీ జరుగుతోంది. మీరు బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి అమ్మగారిని అక్కడికి తీసుకురావడం గురించి ఆలోచించండి.

మొండిఘటం గారూ, దేశంలో 60 దాటినవాళ్ళలో డిమెన్షియా 7.4 శాతమని, అంటే దాదాపు 88 లక్షల మందని 2023లో వచ్చిన పెద్ద సర్వే అంచనా. అంటే నూటికి 92 మందికి పైగా అది లేకుండానే ముసలివాళ్ళవుతున్నారు. వయసుతో వచ్చేదే అయితే అందరికీ రావాలి కదా.

@గోదారి_గట్టు ఎరువులకొట్టు గారి నాన్నగారి కథకీ మీ అమ్మగారి కథకీ చాలా తేడా ఉంది. లేని పిల్లాడు స్పష్టంగా కనబడటం, ఆ రకం మందుకి ఒళ్ళు బిగుసుకుపోవడం, ఈ రెండూ కలిసి చెబితే ఏ న్యూరాలజిస్టయినా లూయీ బాడీ డిమెన్షియా అనే ఇంకో రకం గురించి ఆలోచిస్తారు. వాళ్ళకి హాలోపెరిడాల్ లాంటి, భ్రమలు తగ్గడానికి ఇచ్చే మందులు ప్రమాదం కూడా. కాబట్టి ఏ మందు, ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన బిగుసుకుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి. నేనేమీ నిర్ధారణ చేయడం లేదు, మనిషిని చూడకుండా చేయకూడదు కూడా.

పిచ్చాసుపత్రి_పీజీ · ఆదివారం, సాయంత్రం 5:48
ఈ థ్రెడ్‌లో సైకియాట్రిస్టులందరూ తెలివితక్కువవాళ్ళలా కనబడుతున్నారు కాబట్టి సైకియాట్రీ పీజీగా ఒక మాట. (పేరు చూసి కంగారు పడకండి, మా అమ్మ అలాగే పిలుస్తుంది.) బైపోలార్ అని ఏడాది తిప్పడం జరుగుతుంది, కాదనను. ఫ్రంటోటెంపోరల్ మొదట్లో మానసిక జబ్బు వేషంలోనే వస్తుంది. ప్రాగ్‌లో ఆర్నాల్డ్ పిక్ 1892లోనే ఈ జబ్బు రోగులని వర్ణించినా ఇప్పటికీ దొరక్కుండా తిరుగుతోంది. కానీ తిరగేసి కూడా చూడండి. "మతిమరుపు" అని న్యూరాలజీకి వెళ్ళిన ముసలివాళ్ళలో కొందరిది డిప్రెషన్, దానికి మందిస్తే మతిమరుపూ పోతుంది. సరైన చోట న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు, పరీక్షలు చేసే సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు అందరూ ఒకే ఫైలు మీద రాస్తారు. ఎవరు పెద్ద అన్నది మీకనవసరం.

మేం పనికొచ్చే ఇంకో సందర్భం. ఇరవై ఏళ్ళ అమ్మాయి వారంలో పిచ్చిపిచ్చిగా మాట్లాడటం మొదలుపెట్టి, నోరు అదోలా తిప్పుతూ, ఫిట్స్ వస్తే అది దయ్యమూ కాదు, స్కిజోఫ్రేనియా కాకపోవచ్చు. శరీరం తన మెదడు మీదే యాంటీబాడీలు వదిలే జబ్బు ఒకటుంది, 2007లో గుర్తించారు, కొందరిలో అండాశయంలో గడ్డ ఉంటుంది. తొందరగా పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. అలాంటి పిల్లని మొదట చూసేది మేమే, న్యూరాలజీకి పరిగెత్తించాల్సిందీ మేమే.

మందుల_షాపు · ఆదివారం, రాత్రి 8:20
ఇంతమంది ఇంత రాశారు గానీ ఒక్కరూ అడగలేదేంటి. @గోదారి_గట్టు అమ్మగారు మొత్తం ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు? బీపీ, షుగరు సరే, అవి కాక. జలుబు మాత్ర, నిద్ర మాత్ర, ఎవరో చెబితే కొనుక్కున్నవి కూడా.

గోదారి_గట్టు · ఆదివారం, రాత్రి 10:55
నాన్నతో వీడియో కాల్‌లో డబ్బా తెరిపించి చూశాను. ఒకటి, మూత్రం ఆపుకోలేకపోతోందని రెండేళ్ళ క్రితం ఇచ్చింది. రెండు, ఎలర్జీకి రాత్రిపూట వేసుకునే పాత రకం మాత్ర, నిద్ర కూడా పడుతోందని ఏళ్ళ తరబడి తనే కొనుక్కుంటోంది. మూడు, మొన్న బిగుసుకుపోకుండా ఇచ్చింది. బీపీ మాత్ర ఒకటి. కడుపు మంటకి రోజూ ఒక గ్యాస్ మాత్ర, అది ఎన్నేళ్ళ నుంచో ఆవిడకే తెలియదు.

మందుల_షాపు · ఆదివారం, రాత్రి 11:10
నేను డాక్టర్ని కాదు, పాతికేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. మొదటి మూడూ ఒకే తాను ముక్కలు. జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. వయసు మీరినవాళ్ళు మూడూ కలిపి వేసుకుంటే మతి తప్పడం, లేనివి కనబడటం రెండూ రావచ్చు. గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. మీరు శాకాహారులా? సొంతంగా ఏదీ ఆపకండి, కొన్నిటిని ఒక్కసారిగా ఆపితే ఇంకో గొడవ. డబ్బా డబ్బాగా పట్టుకెళ్ళి డాక్టరు బల్ల మీద పోయండి.

నిర్వాహకుడు · సోమవారం, ఉదయం 7:00
మందుల డోసులు ఇక్కడ రాయవద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాను, ఆకు పసరు వ్యాఖ్య కూడా అందులోదే. అత్యవసరంగా మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, పెద్దవాళ్ళ సాయానికి ఎల్డర్ లైన్ 14567, రెండూ ప్రభుత్వానివే, ఉచితం.

ఓరుగల్లు_కోడలు · సోమవారం, మధ్యాహ్నం 1:15
మా అత్తమ్మ బడి మొహం చూడలేదు. ఒక క్లినిక్‌లో కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. ఆమె జీవితంలో పెన్ను పట్టింది వేలిముద్ర బదులు సంతకం నేర్చుకున్నప్పుడే. సున్నా మార్కులు, "మోడరేట్ డిమెన్షియా" అని రాసిండ్రు. ఇంటికొచ్చి రెండు చీట్ల లెక్క నోటితో తేల్చి చెప్పింది మా అత్తమ్మ. నేను అప్పుడే అనుకున్న, గీ పరీక్షలో ఏదో తప్పుందని.

తర్వాత నిమ్స్‌లో తెలుగులో, చదువు రానివాళ్ళకి వేరే లెక్కతో పరీక్ష పెట్టిండ్రు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెబుతావంటే గొర్లు, మేకల్లోనే నాలుగు రకాలు చెప్పి ఆగకుండా పోయింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి, మతిమరుపు కొంచెమే, చెవులు వినబడక ప్రశ్నలే అర్థం కాలేదు. మిషన్ పెట్టించినం. ఐసీఎంఆర్ వాళ్ళు ఈ పరీక్షలని తెలుగుతో కలిపి 5 భాషల్లో తయారు చేయించిండ్రట, మీరు వెళ్ళేచోట అది వాడుతున్నారా లేదా అడగండి.

న్యూరో_రెసిడెంట్ · సోమవారం, మధ్యాహ్నం 3:40
ఇది మంచి పాయింట్, నేనే చెప్పాల్సింది. అసలు ఈ విషయంలో మన హైదరాబాద్‌కి ప్రపంచంలో పేరుంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ఒక పరిశోధన వేసింది. తెలుగుతో పాటు ఉర్దూనో హిందీనో ఇంగ్లీషో, ఇంకో భాష మాట్లాడేవాళ్ళకి ఒకే భాష వాళ్ళకన్నా జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువు వల్ల అనుకోవడానికి లేదు, అక్షరం రానివాళ్ళలోనూ అదే తేడా. పాతబస్తీలో కూరగాయలు అమ్మేవాళ్ళు రోజుకి మూడు భాషల్లో బేరమాడతారు, పాశ్చాత్య దేశాల్లో అలాంటి మనుషులు దొరకడం కష్టం.

డల్లాస్_బావ · మంగళవారం, ఉదయం 8:05
ఇక్కడ మా నాన్నకి ఫోన్‌లో దుబాసీని పెట్టి పరీక్ష చేశారు. ఇది ఏ ఋతువు అంటే "హేమంతం" అన్నాడు. ఇదేం నెల అంటే "మార్గశిరం", తేదీ ఎంతంటే "బహుళ విదియ". దుబాసీ అమ్మాయి పాపం హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం పిల్ల, "హీ ఈజ్ కన్ఫ్యూజ్డ్" అని చెప్పేసింది! నేను పంచాంగం తెరిచి చూపిస్తే డాక్టరు నవ్వి మార్కులు కలిపాడు. కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా అమ్మానాన్నలతో పరీక్ష గది దాకా వెళ్ళండి, కానీ జవాబులు మీరే అందించేయకండి. అపాయింట్‌మెంట్ మాత్రం ఐదు నెలలకి దొరికింది.

మొండిఘటం · మంగళవారం, రాత్రి 9:30
సరే, చదువుతున్నాను, పాఠం చెప్పించుకున్నాను. కానీ ఎరువులకొట్టు తమ్ముడూ, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. మీ నాన్నగారి జబ్బుకి మందు లేదంటున్నారు కదా. మరి పేరు తెలిసి ఏం ఒరిగింది? అన్ని ఖర్చులు పెట్టి?

ఎరువులకొట్టు · బుధవారం, ఉదయం 10:20
కోపమేం లేదన్నా. నేనూ ఆ రోజు డాక్టరమ్మని ఇదే అడిగాను.

లేదు, తగ్గించే మందు లేదు. ఆవిడ చేసిన మొదటి పని మందులు తీసేయడం. బైపోలార్ది మెల్లగా మానిపించింది, మతిమరుపు మాత్ర వెంటనే ఆపించింది, అది అల్జీమర్స్‌కి పనికొస్తుందట గానీ ఈ జబ్బులో చిరాకు పెంచుతుందట. డిప్రెషన్‌కి వాడే రకం ఒకటి ఇచ్చింది, జిలేబీ పిచ్చి, అరుపులు కొంత తగ్గాయి. తర్వాత ఇంటి గురించి చెప్పింది. చెక్కుబుక్కులు, బండి తాళాలు దాచేయండి, ఫోన్‌లో బ్యాంకు యాప్ తీసేయండి, వంటింట్లో తీపి ఉండకూడదు, వాదించకండి, ఆయన వినలేకపోవడం మొండితనం కాదు అని. జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం) రాయించుకుంటే సరిపోతుందని మేం అనుకున్నాం. లాయరుని అడిగితే 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే అది చెల్లదన్నాడు. అంటే ఆస్తి, బ్యాంకు వ్యవహారాలు సర్దుకునే పని మూడేళ్ళ ముందు, ఆయనకి ఏం సంతకం పెడుతున్నాడో తెలిసినప్పుడే, ఆయన్ని అడిగి చేసుకోవాల్సింది. చాదస్తం అని కూర్చున్నందుకు కట్టిన కప్పం అది, పోయిన చెక్కులు కాక.

ఇంకోటి. అమ్మ. ఆ సాయంత్రం కారులో ఒంగోలు తిరిగొస్తుంటే చాలాసేపు ఒక్క మాట మాట్లాడలేదు. చిలకలూరిపేట దగ్గర టీకి ఆగితే, "అయితే ఆయనకి నా మీద ప్రేమ పోలేదన్నమాట, అది ఉండే చోటే పోయిందన్నమాట" అంది. మరుసటి రోజు నుంచి నాన్నకి తనే గోరుముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. దాని ఖరీదు నేను కట్టలేను అన్నా.

మొండిఘటం · బుధవారం, ఉదయం 10:41
🙏

వైజాగ్_వీణ · బుధవారం, రాత్రి 7:12
అల్జీమర్స్‌కి కొత్త ఇంజెక్షన్లు వచ్చాయంటున్నారు, గోదారి_గట్టు గారి అమ్మగారికి పనికొస్తాయా?

న్యూరో_రెసిడెంట్ · బుధవారం, రాత్రి 9:50
లెకానెమాబ్ లాంటివా? అల్జీమర్స్ అని రుజువై, అదీ మొదటి దశలో ఉన్నవాళ్ళకే. జబ్బు నడకని కొంత నెమ్మదింపజేస్తాయి, వెనక్కి తిప్పవు, మెదడులో వాపు, రక్తపు చుక్కలు వస్తున్నాయేమోనని మళ్ళీ మళ్ళీ ఎమ్మారైలు తీయాలి. ఆవిడది ఏ జబ్బో ఇంకా తెలియదు. ముందు బీ12, థైరాయిడ్, సోడియం, ఎమ్మారై. నడక, మూత్రం, మతి మూడూ కలిసి చెడితే మెదడులో నీరు చేరిందేమో కూడా చూస్తారు.

గోదారి_గట్టు · ఏడు వారాల తర్వాత, ఆదివారం
అందరికీ థాంక్స్, ఇంత ఆలస్యంగా వచ్చినందుకు సారీ. అమ్మని బెంగళూరు తీసుకొచ్చాను. మందుల_షాపు గారు చెప్పినట్టే డబ్బాలన్నీ బల్ల మీద పోశాను, డాక్టరు గారు ఒక్కో అట్టా చదివి మూడు పక్కకి తోసేశారు. మూత్రం మాత్ర మార్చారు, ఎలర్జీది మాన్పించారు, బిగువుకి ఇచ్చిందీ దానికి కారణమైందీ రెండూ మెల్లగా తీసేశారు. బీ12 నిజంగానే చాలా తక్కువ, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. ఎమ్మారైలో భయపడాల్సింది ఏమీ లేదు.

పిల్లాడు నెలరోజులకి రావడం మానేశాడు. సాయంత్రం కంగారు చాలా తగ్గింది. మొన్న మా అపార్ట్‌మెంట్ పిల్లలకి పద్యాలు చెప్పింది, వరసగా తొమ్మిది, ఎక్కడా తడుముకోలేదు. నేను వంటింట్లో నిలబడి లెక్కపెట్టాను.

కానీ పూర్తిగా బాగైందని కాదు. పరీక్షలో ఐదు మాటలు చెప్పి కాసేపటికి అడిగితే రెండే చెప్పింది. నిద్రలో చేతులు కాళ్ళు విసురుతుందా అని డాక్టరు నాన్నని రెండుసార్లు అడిగారు, లూయీ బాడీ గురించి అనుకుంటా. నాన్నేమో "నాకు గురక, నాకేం తెలుసు" అన్నారు. మందుల పొగ తేలిపోయాక కింద ఏముందో అప్పుడే కనబడుతుంది, ఆరు నెలలాగి ఇవే పరీక్షలు మళ్ళీ చేద్దాం, ఇప్పుడే పేరు పెట్టను అన్నారు. మొత్తం గంటన్నర కూర్చున్నారు, అందులో అరగంట నాన్నతోనే.

ఎరువులకొట్టు · ఆదివారం, రాత్రి 8:44
నేను ఫ్రంటోటెంపోరల్ అని తొందరపడి భయపెట్టాను, ఏమనుకోకండి. చేతిలో సుత్తి ఉన్నవాడికి అన్నీ మేకులే మరి. పనిమనిషి సంగతేంటి, మళ్ళీ వస్తోందా?

గోదారి_గట్టు · ఆదివారం, రాత్రి 9:30
వస్తుంది, వచ్చే నెల రాజమండ్రి వెళ్ళాక. అమ్మే ఫోన్ చేసి పిలిచింది, వాళ్ళమ్మాయి పెళ్ళికి చీర కూడా కొనిపెట్టింది. గొలుసు మాత్రం "అదే పెట్టింది" అంటోంది ఇంకా.